చిన్న బడిలో చిత్రకళ

చిత్రలేఖనము పాఠశాలకు అలంకారమా, అవసరమా? ఈ ప్రశ్న అడిగినచో పెద్దలలో పలువురు అవసరమనియే చెప్పుదురు. కాని చేతలలో దానిని అలంకారముగనే చూచుదురు. వార్షిక పరీక్షలు సమీపించగనే పాఠశాలలో మొదట మాయమగునది బొమ్మల గంటయే. గణితమునకు సమయము చాలనిచో ఆ గంటను పుచ్చుకొందురు. విజ్ఞానశాస్త్రమున పాఠములు మిగిలిపోయినను ఆ గంటనే పుచ్చుకొందురు. బొమ్మల కొరకు గణితపు గంటను విడిచిపెట్టిన పాఠశాల మాత్రము ఎచ్చటను కానరాదు. చిన్న ఊళ్ళలోని చిన్న బడులందు ఈ స్థితి మరింత స్పష్టముగా కనిపించును. అచ్చట కొన్న రంగులుండవు. చిత్రకళ నేర్పు ఉపాధ్యాయుడుండడు. వేరొక గది యుండదు. ఇట్టి బడిలో చిత్రకళ యేమి వర్ధిల్లునని మనము తేలికగా అనుకొందుము. ఆ తలంపు సరియైనది కాదని నా అభిప్రాయము. చిత్రకళకు కావలసిన ముఖ్యమైన సంపద చిన్న బడి వాకిటనే యున్నది. వేములవాడ ప్రాంతమును దృష్టాంతముగా గైకొని ఈ విషయమును కొంత విచారింతము.

వేములవాడ అనగానే రాజరాజేశ్వరస్వామి ఆలయము, ధర్మగుండము, మొక్కు తీర్చుకొనుటకు కోడెను పట్టుకొని గుడిచుట్టు తిరుగు భక్తజనము మన కన్నులయెదుట నిలుచును. ఈ ఊరు ఒకప్పుడు రాజధాని. వేములవాడ చాళుక్యులలో రెండవ అరికేసరి ఆస్థానమునందు పంపమహాకవి క్రీ.శ. 941 ప్రాంతమున 'విక్రమార్జున విజయము' అను కన్నడ కావ్యమును రచించెను. పంపని తమ్ముడైన జినవల్లభుడు ఇచ్చటికి అనతిదూరమున, గంగాధర సమీపమందలి కురిక్యాల గుట్టపై శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు కలవు. తెలుగు భాగము కంద పద్యములలో ఉన్నది. నన్నయభట్టు భారతమును ప్రారంభించుటకు ముందే తెలుగున పద్యము నడిచినదని చెప్పువారు ఈ శాసనమును తప్పక పేర్కొందురు. అయితే జనులు ఆ గుట్టకు పెట్టుకొన్న పేరును గమనింపుడు. వారు దానిని శాసనముల గుట్ట యనలేదు, బొమ్మలగుట్ట యనిరి. శిలపై మలచిన జైన తీర్థంకరుల రూపములు, చక్రేశ్వరీదేవి రూపము ఆ పేరునకు కారణములు. లిపి తెలిసినవారు పద్యమును చదివిరి. లిపి తెలియని పసులకాపరులు బొమ్మను చూచిరి. వేయి సంవత్సరములు ఆ గుట్టపేరు నిలిచినది బొమ్మవలననే. బొమ్మకు గల శక్తి యిట్టిది.

ఇట్టి సీమలో పుట్టిన పిల్లలను మీ ఊరి బొమ్మ వేయుడని అడిగినచో వారేమి వేయుదురు? పెక్కుమంది వేయు బొమ్మ ఒక్కటియే. రెండు త్రికోణపు కొండలు, వాని నడుమ సగము పైకి వచ్చిన సూర్యుడు, చీపురుపుల్లలవంటి కిరణములు, కొండల నుండి జారివచ్చు నది, నదిలో తెరచాప పడవ, ఒడ్డున ఒక పెంకుటిల్లు, దాని ప్రక్కను వంగిన కొబ్బరిచెట్టు. ఈ బొమ్మను ఎవరు మొదట వేసిరో గాని, ఇది ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు, ఒక నల్లబల్ల నుండి మరియొక నల్లబల్లకు ప్రాకుచు దేశమంతయు వ్యాపించినది. వేములవాడ పిల్లలలో తెరచాప పడవను కన్నులార చూచినవారెందరు? బడి వెనుక తాళ్ళు, ఈతచెట్లు నిలిచియుండగా బొమ్మలో మాత్రము కొబ్బరిచెట్టు మొలచును. గీతాకార్మికుడు మోకు నడుమున కట్టుకొని తాడెక్కుట ఆ పిల్లవాడు ప్రతిదినము చూచుచునే యుండును. కాని అది బొమ్మకు తగిన విషయమని అతనికి ఎవరును చెప్పలేదు. తన ఊరు బొమ్మకు తగదని అతడు నమ్మినాడు. ఆ నమ్మకమే నన్ను బాధించునది. తన ఊరు బొమ్మకు తగదనుకొన్న బాలుడు, కొంతకాలమునకు తన మాట పుస్తకమునకు తగదనియు, తన బ్రతుకు చెప్పుకొనుటకు తగదనియు అనుకొనుటలో వింత యేమున్నది?

చూచి వ్రాయుట దోషమని నా ఉద్దేశము కాదు. నకాషీ చిత్రకారుల ఇండ్లలో పిల్లలు తండ్రి గీచిన గీతపై గీత దిద్దియే పని నేర్చుకొందురు. నిర్మలలో పొణికికర్రతో బొమ్మలు చేయువారును, కరీంనగరమున వెండితీగను వెండ్రుకవలె సన్నముగా సాగదీసి అల్లువారును, సిరిసిల్లలో మగ్గముపై బట్ట నేయువారును పెద్దల చేతిని చూచియే తమ చేతిని తీర్చుకొన్నారు. అచ్చట అనుకరణ వెనుక ఒక పని యున్నది, ఆ పనికొక నియమమున్నది, తప్పును దిద్దు గురువున్నాడు. తెరచాప పడవ బొమ్మ వెనుక ఇవి యేవియు లేవు. అందు చేయి కదలును గాని కన్ను తెరచుకొనదు. బడిలోని చిత్రకళ మొదట చేయవలసిన పని ఆ కన్ను తెరపించుటయే.

కన్ను తెరచుకొనుట యననేమి? వేములవాడ పిల్లలకు మిక్కిలి పరిచయమైన కోడెనే తీసికొందము. కోడె యెట్లుండునో మాకు తెలియునని అందరు అందురు. కాగితముపై వేయబూనిన క్షణమున సందేహములు పుట్టును. కొమ్ము తలపై ఎచ్చట మొదలగును? చెవి కొమ్మునకు ముందున్నదా, వెనుకనా, పైననా, క్రిందనా? మూపురము మెడపై లేచునా, వీపు నడుమ లేచునా? గంగడోలు ఎంతవరకు వ్రేలాడును? బాలుడు పెన్సిలును క్రింద పెట్టి లేచిపోయి మరల కోడెను చూచును. చెవి కొమ్మునకు క్రిందుగా, కొంచెము వెనుకకు ఉన్నదని కనుగొనును. పండుకొనునప్పుడు అది ముందుకాళ్ళు మొదట మడుచుననియు, లేచునప్పుడు వెనుకభాగమును ముందుగా లేపుననియు గమనించును. ఇది చిత్రకళయా, జంతుశాస్త్రమా? రెండును. తనకు తెలియునని అనుకొన్నది తెలియదని గ్రహించి, మరల పోయి చూచుట సకల శాస్త్రములకు మొదటిమెట్టు. ఆ మెట్టును పిల్లవానికి ఎవరి బలవంతమును లేకుండ చూపించునది బొమ్మ. అందుచేత బొమ్మల గంటను గణితమునకిచ్చుట గణితమునకే నష్టమని నేను తలంచుచున్నాను.

చిత్రకళ అందరికి రాదు, అది కొందరి పుట్టుకతో వచ్చు వరము గదాయని ఒక ఆక్షేపణ కలదు. ఈ మాట పలుకువారు ఆశ్వయుజ మాసమున మన ఊళ్ళను చూడవలెను. బతుకమ్మ పండుగనాడు ఇల్లిల్లును ఒక చిత్రశాల యగును. తంగేడు పసుపు, రంగులద్దిన గునుగు, బంతి, చేమంతి, గుమ్మడిపూవు – ఏ వరుస ప్రక్కను ఏ వరుస పేర్చిన వన్నె యొప్పునో, అడుగు ఎంత వెడల్పుగా నున్నచో శిఖరము నిలుచునో మన యక్కచెల్లెండ్రకు ఎవరు బోధించిరి? వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలుపు బాలిక, ఎదుటివాడు లెక్కించులోపల చుక్కల వరుసలను మనస్సులోనే పొందుపరచును. ఇదంతయు కళయే. ఇంటిలో నున్నంతవరకు కళగా నున్నది, బడిగడప దాటగనే ఎందుకు పనికిరాకపోయినది? లోపము పిల్లలది కాదు. బడిలోనికి దానికి త్రోవ లేకుండుటయే లోపము.

రంగులు కొనుటకు సొమ్ము లేదనుట రెండవ ఆక్షేపణ. అంగడి రంగులు లేకున్నను వర్ణములకు కొదువ లేదు. పొయ్యిలోని బొగ్గు నలుపునిచ్చును. జాజు ఎరుపునిచ్చును. సున్నము తెలుపు, పసుపు పసుపే. పసుపులో సున్నము కలిపినచో అది ఎర్రబారును. హోలీనాడు మన పల్లెలలో మోదుగుపూలను ఉడికించి తీయు రంగు ఎంత నిండైనదో మీరెరుగుదురు. తుమ్మజిగురును నీట నానబెట్టి కలిపినచో రంగు కాగితమును అంటుకొనును. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురుతోను, సుద్దమట్టితోను గుడ్డను సిద్ధముచేసి, దానిపై కులపురాణములను గజముల కొలది వ్రాసిరి. వారికి రంగుల పెట్టెలు లేవనుట వారి కళకు అడ్డు కాలేదు. ఉపాధ్యాయుడు వారమునకొకసారి పిల్లలను వెంటబెట్టుకొని పోయి మట్టిని, పూవులను, ఆకులను ఏరించి రంగులు తీయించినచో, ఆ ఒక్క గంటలో వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, చిత్రకళ మూడును నడుచును.

నేర్పువారు లేరనుట మూడవ ఆక్షేపణ. ఇది నిజమైన కష్టము. దీనిని మాటలతో త్రోసివేయరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమున ఒక నియమమున్నది. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పాఠశాలలో పిల్లల సంఖ్య నూరు దాటినచో కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైము బోధకులుండవలెను. నూరు దాటని బడికి ఈ నియమము వర్తింపదు. అనగా నూట ఒక్కరున్న బడిలో పిల్లలకు బొమ్మల గురువుండవచ్చును. తొంబదిమంది యున్న బడిలో ఉండనక్కరలేదు. ఇది ధనమును పొదుపుచేయు లెక్క కావచ్చునుగాని న్యాయమైన లెక్క కాదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక పదవ తరగతి వరకు కళలు అందరికి పాఠ్యవిషయము కావలెనని చెప్పినది. బడి చిన్నదైనంత మాత్రమున అందలి పిల్లల కన్నులు చిన్నవి కావు. నాలుగైదు చిన్న బడులకు కలిపి ఒక చిత్రకళోపాధ్యాయుని నియమించి, అతడు వారమున ఒక్కొక్కదినము ఒక్కొక్క బడికి పోవునట్లు చేయుట కష్టమైన పని కాదు. అంతవరకు ఊరిలోని కుమ్మరిని, నేతపనివానిని, గోడలపై పేర్లు వ్రాయు చిత్రకారుని నెలకొకసారి బడికి పిలువవచ్చును. కుమ్మరి సారెను త్రిప్పి చూపిన గంటసేపు, పుస్తకములోని ఇరువది పుటలు చేయలేని పని చేయును.

చిన్న ఊరినుండి గొప్ప చిత్రకారులు వత్తురా యని సందేహించువారికి పూర్వపు కరీంనగరం జిల్లాయే సమాధానము చెప్పును. 1915లో ఈ జిల్లా పల్లెలో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి బొంబాయిలోని జె. జె. కళాశాలలో చదివి, పి. టి. రెడ్డి పేరుతో దేశమంతట ప్రసిద్ధుడయ్యెను. 1942లో ఇదే జిల్లా బూరుగుపల్లిలో తోట వైకుంఠము పుట్టెను. ఆయన బాల్యమున ఊరికి నాటక సమాజములు వచ్చుచుండెడివి. అందు పురుషులే స్త్రీవేషములు ధరించి, ముఖమునకు రంగు పూసికొని ఆడెడివారు. ఆ వేషములను, ఆ రంగులను బాలుడు తనివితీర చూచెను. పిమ్మట హైదరాబాదులోను, బరోడాలోను చదువుకొనెను, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ వంటి గురువు లభించెను. ఇంత చదివిన పిదప ఆయన చిత్రించినదేమి? నుదుట పెద్దబొట్టు పెట్టుకొని, నిండు రంగుల చీర కట్టిన తెలంగాణా పల్లెపడుచును. ఆమె భుజముపై చిలుకను. పొరుగుననున్న సిద్దిపేటలో కాపు రాజయ్య 1925 నుండి 2012 వరకు జీవించి, బోనములను, బతుకమ్మను, పల్లెజనుల పనిపాటలను నకాషీ పోకడలతో చిత్రించెను. వీరు దూరమునుండి విద్యను తెచ్చుకొనిరి; విషయమును మాత్రము ఇంటినుండియే తీసికొనిరి. తాము చిన్ననాట చూచినదానిని బొమ్మకు తగినదిగా వారు నమ్మిరి. వారి ప్రతిభకు అది ఊతయైనది.

అయితే ప్రతి బడినుండియు ఒక వైకుంఠము రావలెనని కోరుట పిల్లలపై బరువు మోపుట యగును. చిన్న బడి సాధించిన విజయమును బహుమానములతోనే కొలువరాదు. పోటీలు మంచివే. శంకర్ గారు 1949లో ఢిల్లీలో ప్రారంభించిన బాలల చిత్రలేఖన పోటీలు పెరిగి పెరిగి అనేక దేశముల పిల్లలను ఆకర్షించినవి. కేంద్రప్రభుత్వము 2015లో ప్రారంభించిన కళా ఉత్సవము ఉన్నతపాఠశాలల విద్యార్థులకు మంచి వేదిక. కాని పోటీలో ఒకరికి పతకము వచ్చిన, తక్కినవారు తమకు బొమ్మలు రావని నిశ్చయించుకొనుట కలదు. అట్లు జరిగినచో ఆ పతకము బడికి లాభము కంటె నష్టమే ఎక్కువ చేసినట్లు. బడిగోడపై ఒక్క మంచి బొమ్మను అద్దము బిగించి పెట్టుటకంటె, అందరి బొమ్మలను వరుసగా అంటించి, మాసమునకొకసారి మార్చుట మేలు. తన బొమ్మ గోడపై నున్నదని చూపుటకు తల్లిదండ్రులను పిలుచుకొని వచ్చు పిల్లవాడు, ఆ దినమున బడి తనదియని నమ్మును. ఆ నమ్మకమునకు మించిన విజయమేమున్నది?

బొమ్మ మరియొక గొప్ప పని చేయును. పోయినదానిని అది నిలుపును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, నాజీల ఆక్రమణలో నున్న చెక్ దేశమునందు తెరెజిన్ అను నిర్బంధ పట్టణముండెను. అచ్చటికి యూదులను కుటుంబములతో తెచ్చి బంధించిరి. ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అను చిత్రకారిణి 1942లో బందీగా అచ్చటికి వచ్చి, దొరికిన కాగితపు ముక్కలపైననే పిల్లలకు చిత్రకళ నేర్పెను. ప్రతి బొమ్మపై వేసినవారి పేరు వ్రాయించెడిది. 1944లో ఆమెను ఆష్విట్జ్ మరణశిబిరమునకు పంపి చంపిరి. పోవుటకు ముందు ఆమె పిల్లల బొమ్మలను రెండు పెట్టెలలో దాచెను. అవి సుమారు 4,500. ఆ పిల్లలలో పెక్కుమంది బ్రతుకలేదు. వారి బొమ్మలు నేటికిని ప్రాగ్ నగరపు యూదు వస్తుప్రదర్శనశాలలో పేర్లతో సహా భద్రముగా నున్నవి. రంగులు లేవు, గది లేదు, స్వేచ్ఛయే లేదు. అయినను చిత్రకళ యున్నది. చిన్న బడిలో చిత్రకళ కుదరదనుటకు ముందు మనము ఈ కథను తలచుకొనవలెను.

ఆ దుఃఖముతో దేనిని పోల్చరాదు. కాని పోయినదానిని నిలుపవలసిన అక్కర మన వేములవాడ చుట్టుపట్లను కలదు. మానేరు నదిపై ఈ శతాబ్దమున నిర్మింపబడిన మధ్యమానేరు జలాశయమున కొన్ని గ్రామములు మునిగిపోయినవి. పొలములకు నీరు వచ్చుట మేలే. ఆ మేలు కొరకు కొందరు తమ ఇండ్లను, బావులను, గుడులను, బడులను విడిచి క్రొత్త కాలనీలకు తరలిరి. అచ్చటి పిల్లలలో చిన్నవారికి పాత ఊరు తెలియదు. అవ్వకు తెలియును, తాతకు తెలియును. వాకిలి ఏ దిక్కున నుండెను, రచ్చకట్టపై ఏ చెట్టుండెను, బావిగట్టునకు పోవు బాట ఎచ్చట మలుపు తిరిగెను – ఇవన్నియు అడిగి, వారు చెప్పుచుండగా మనుమరాలు బొమ్మ వేయవచ్చును. తప్పుగా వేసినచో అవ్వ దిద్దును. అట్లు వేసిన నూరు బొమ్మలు ఒకచోట చేర్చినచో, నీటి క్రింద నున్న ఊరు కాగితముపై మరల లేచును. ఈ పని ఏ ప్రభుత్వ కార్యాలయమును చేయజాలదు. ఒక చిన్న బడి చేయగలదు. పాఠశాల చిత్రకళకు ఇంతకంటె యోగ్యమైన పని నాకు కానరాదు.

విద్యార్థులారా! మీలో కొందరు మాకు బొమ్మలు రావని అనుచుందురు. మీరు నిజముగా చెప్పదలచినది, నల్లబల్లపై నున్న బొమ్మవలె మా బొమ్మ రాలేదనియే. అట్లు రాకపోవుట తప్పు కాదు. మీకు తెలిసిన ఒక వస్తువును ఎంచుకొనుడు: మీ ఇంటి గాబు, మీ నాయన మగ్గము, బడి ముందరి వేపచెట్టు, గుడి మెట్లపై నిలిచిన కోడె. పది నిమిషములు ఏమియు వేయక దానినే చూడుడు. తరువాత బొగ్గు ముక్కతోనైనను వేయుడు. మొదటి బొమ్మ వంకరగా వచ్చును, రెండవదియు అంతే. కాని మూడవది వేయునప్పటికి ఆ వస్తువు మీకు మునుపటికంటె బాగుగా తెలియును. ఉపాధ్యాయులకును, పెద్దలకును నా మనవి ఒక్కటియే. వారమున ఆ ఒక్క గంటను పిల్లలనుండి తీసికొనకుడు. ఆ గంటలో వారు తమ ఊరిని చూచుట నేర్చుకొందురు. తన ఊరిని చక్కగా చూడ నేర్చినవాడు లోకమును చూచుటకు బెదరడు.